వాగు దిగుడుకు ఎత్తు చక్రాలు

తిరుమలగిరి అవతలి మిట్ట మీద పుట్టి పెరిగిన గుర్వమ్మకు తోడేలంటే భయం లేదు. దాని చూపు పసిగట్టి కట్టె విసిరేది. ఆమె భయం వాగు దిగుడు దగ్గర, మట్టిరోడ్డు ఒక్కసారిగా కుడికి తిరిగే చోట కాచుకుని ఉండేది. అక్కడ ఎడమ పక్క గట్టు లేదు. కింద రాళ్లు, పైన ఆకాశం, మధ్యలో ఏమీ లేదు.

1964లో ఆమె పెనిమిటి ఎల్లేశం మిలిటరీ వేలంలో వచ్చిన పాత పికప్పు కొన్నాడు. అంతకుముందు గొర్లను చిట్యాల సంతకు నడిపించేవారు. ఇప్పుడు అతను బండి నడిపితే, ఆమె వెనక గొర్ల మధ్య నిలబడేది. మనిషి లేకపోతే అవి ఒకదాని మీద ఒకటి పడి చస్తాయి. దిగుడు వచ్చినప్పుడల్లా పొట్టేలు మెడ పట్టుకుని కళ్లు మూసుకునేది. ముందు కూర్చున్న మనిషికి భయం లేదు. అదొక్కటే ఆమెకు ఆసరా.

పికప్పు కురచది. వాగు రాళ్లు ప్రతిసారీ దాని కడుపును గీకేవి. ఎత్తు చక్రాలు వేయిద్దామని ఎల్లేశం గుర్వమ్మను వెంటబెట్టుకుని చిట్యాలలో మెకానిక్ ఇస్రాయేలు దగ్గరికి పోయాడు. షెడ్డులో రెండు రకాలున్నాయి. పాతవాటి కొలతవి కొన్ని, ఏదో లారీకి విప్పిన పెద్దవి కొన్ని.

“గీ పెద్ద గీరెలు ఎయ్యి తమ్మీ.”

“బండిని మోసే కమాన్లు గూడ ఎత్తాలె ఎల్లేశన్నా. ఉత్త గీరెలే పెంచితే మడ్‌గార్డుకు తాకుతయేమో.”

“తాకుతయో లేదో తిప్పి చూడరాదు!”

బిగించి, స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పారు. తాకలేదు. వేలు పట్టే సందు మిగిలింది.

“గంత సందు చాలునా అయ్యా?” అంది గుర్వమ్మ.

“నీకు గొంగడి కప్పుకున్నా భయమే, విప్పినా భయమే. తమ్మీ, మీ వదినెకు నిచ్చెన తే, బండెక్కుతది.”

గొర్లను ఎక్కించి చూడాల్సింది. కానీ వాళ్లింట్లో కొత్త వస్తువేదైనా ముందు పెద్దగట్టు లింగమంతుల స్వామికి చూపించాలి. అంతవరకు మంద దాన్ని తాకకూడదు. ఖాళీ బండి పెద్దగట్టుకు పోయివచ్చింది. వాగులో దాని కడుపు తడవలేదు. ఎల్లేశం దారి పొడుగునా ఈల వేశాడు.

మరుసటి సంతకు గొర్లను నింపారు. బరువుకు బండి కుంగింది. దిగుడు మలుపులో ఎల్లేశం కుడికి తిప్పగానే గొర్లన్నీ ఎడమకు ఒరిగాయి. వాటితో బండీ ఒరిగింది. వేలు పట్టే ఆ సందు మూసుకుపోయింది. టైరు మడ్‌గార్డును కరుచుకుంది. కాలిన రబ్బరు వాసన. స్టీరింగు సగంలోనే బిగుసుకుంది. పికప్పు నెమ్మదిగా, కలలో నడిచినట్టు, ఆకాశం ఉన్న పక్కకే పోసాగింది.

“గుర్వీ! దుంకు! దుంకవే!”

ఆ గొంతు వణుకుతోంది. అలా వణకడం ఆమె ఎన్నడూ వినలేదు. మలుపు కంటే ఆ గొంతే ఆమెను ఎక్కువ భయపెట్టింది. దూకలేకపోయింది. చేతులు అలవాటుగా పొట్టేలు మెడనే వెతుక్కున్నాయి. కళ్లు మూసుకునే ఉండి పొట్టేలును కుడి పక్కకు ఈడ్చింది. పొట్టేలు ఎటైతే మందా అటే. వెచ్చని ఉన్ని బరువంతా ఆమె కాళ్లను ఒరుసుకుంటూ కుడికి జరిగింది. ఎడమ పక్క లేచింది. టైరు విడిచింది. ఎల్లేశం తిప్పాడు. బండి కుడివైపు మట్టిగోడకు రాసుకుని ఆగింది.

చాలాసేపు అతను దిగలేదు.

“ఏమయ్యా, దిగవా?”

“కాళ్లు లేస్తలేవే.”

“భయమైందా?”

“అయింది.”

గొర్లను దింపి గుర్వమ్మ నడిపించుకుపోయింది. ఖాళీ బండి వెనకే, గొర్ల కంటే మెల్లగా వచ్చింది.

చిట్యాలలో ఇస్రాయేలు ఈసారి ఎల్లేశాన్ని అడగలేదు. “వదినా, ఏ గీరెలు ఎయ్యాలె?”

“కురచయే. మందనెక్కిచ్చి తిప్పినంకనే కదుల్తం.”

తర్వాత ఆ వాగు రాళ్లు మళ్లీ బండి కడుపును గీకుతూనే ఉన్నాయి. దిగుడు మొదట్లో ఎల్లేశం బండి ఆపి వెనక్కి కేకేసేవాడు.

“పొట్టేలును పట్టినవా?”

“పట్టిన, పోనీ.”

భయం మాత్రం తగ్గలేదు. ముందు కూర్చున్న మనిషికి భయం లేదన్న ఆసరా పోయాక ఇంకా పెరిగింది. కానీ ఆ మలుపు దగ్గర గుర్వమ్మ మళ్లీ కళ్లు మూసుకోలేదు.