ఓల్ట్‌మాన్స్ దంపతుల ఇరవై అయిదో సెప్టెంబరు

మార్లీస్ తీలెన్ ఇంటికి చుట్టాల రాకపోకలు తక్కువ, బసకు దిగేవాళ్లు ఎక్కువ. కోహెమ్ కోట కింద, మోజెల్ ఒడ్డున, నదికీ గుమ్మానికీ మధ్య రోడ్డు ఒక్కటే అడ్డంగా ఉన్న ఇల్లు అది. అందులో నాలుగు గదులు అద్దెకిస్తూనే ఆమె జుట్టు నెరిసింది.

పెళ్లయిన కొత్తలో ఒక వసంతంలో మంచు పడి ద్రాక్ష మొగ్గలన్నీ మాడిపోయాయి. ఆ ఏడాది వైన్ పండగకు ఊరినిండా జనం. పంట పోయిన లోటు పూడ్చుకోవడానికి మార్లీస్ తమ పడకగదిని కొలోన్ నుంచి వచ్చిన ఒక జంటకిచ్చి, భర్త అలోయిస్‌తో అటక మీద పడుకుంది. తెల్లవారి ఆ జంట మంచం కిర్రుమంటోందని ఫిర్యాదు చేశారు. "మాకెప్పుడూ చప్పుడు వినిపించలేదే!" అంది మార్లీస్ అమాయకంగా. పక్కింటి కిటికీ తెరిచే ఉంది. ఆ మాట మీద వీధి వీధంతా ఒక ఏడాది నవ్వుకుంది. అలోయిస్ పోయి ఇన్నేళ్లయినా కొందరు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

మనిషిని పెట్టెను బట్టి అంచనా కడుతుందామె. పెట్టెను చేత్తో ఎత్తుకుని నడిచేవాళ్లు బుద్ధిమంతులు. రాళ్ల మీద గరగరా ఈడ్చుకొచ్చేవాళ్లు ఉడికిన గుడ్డును వెనక్కి పంపిస్తారు. ఇక నది సంగతికొస్తే, దానితో ఆమెకు పాత కాపురమే. వరదొస్తే పైకి చేర్చాలి కాబట్టి కింది అంతస్తులో ఇద్దరు ఎత్తలేని సామాను ఏదీ ఉంచదు. "ఈ గదిలో బరువైనదాన్ని నేనొక్కదాన్నే. నాకు మెట్లెక్కడం వచ్చు" అంటుంది.

ఇంతటి మనిషికీ ఒక కొరత ఉంది. ఇరవై అయిదేళ్లు తప్పకుండా ఊరికొచ్చి బస చేసినవాళ్లను పిలిచి, వెండి బిళ్ల గుచ్చి గౌరవించడం కోహెమ్‌లో ఆనవాయితీ. వాళ్లు ఒకే ఇంట్లో దిగిన ఏళ్లే ఇరవై అయిదు అయితే, గుమ్మం పక్కన బిగించుకోవడానికి ఆ ఇంటికి ఓక్ చెక్కతో చేసిన పలక కూడా ఇస్తారు. కొండ మీది సందులో బస నడిపే రోస్విత ఇంటికి అలాంటి పలకలు నాలుగున్నాయి. మార్లీస్ గుమ్మం పక్కన గంట మీట తప్ప ఏమీ లేదు.

రోస్విత ఆమెతో బడిలో ఒకే బల్ల మీద కూర్చుంది. ఇద్దరికీ పందొమ్మిదేళ్లప్పుడు ఊరివాళ్లు రోస్వితను వైన్ పండగకు రాణిగా ఎన్నుకున్నారు. మార్లీస్ ఆమె పక్కన ద్రాక్షబుట్ట పట్టుకుని నడిచే చెలికత్తె అయింది. పదవీకాలం ఒక్క ఏడాదే. మార్లీస్ మాత్రం ఆమెను ఇప్పటికీ రాణీ అనే పిలుస్తుంది, గౌరవంతో కాదు.

ఎట్టకేలకు ఈ సెప్టెంబరులో పలక ఆశ పుట్టింది. ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న ఎమ్డెన్ నుంచి ఏటా వచ్చే ఓల్ట్‌మాన్స్ దంపతులకు ఇది ఇరవై అయిదో ఏడు. ఆయన రేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. మాట పొదుపు. ఆవిడ హైకె, ఇద్దరి మాటలూ తనే మాట్లాడుతుంది. వాళ్ల కోసమే మార్లీస్ టీ కాచడం నేర్చుకుంది. కప్పులో పటికబెల్లం పలుకు వేసి, మీద వేడి టీ పోసి, అది చిటపటమన్నాక అంచు వెంట మీగడ జారవిడవాలి. కాఫీ తాగే ఊళ్లో అదొక అవస్థే, కానీ ఆ చిటపట ఆమెకూ అలవాటయింది.

సన్మానం శనివారం. గురువారం పొద్దున్న రొట్టెల దుకాణంలో రోస్విత ఎదురుపడింది.

"ఏమే మార్లీస్, జుట్టుకు రంగేయించావట?"

"కడిగించానంతే. నీకు వంకాయ రంగు వేసినవాడి దగ్గరికి నేను పోను."

"పోన్లే, ఫోటోలో బాగానే పడతావు. అది సరే, ఆ వరద ఏడాది వాళ్లిద్దరూ ఎక్కడ పడుకున్నారో గుర్తుందా?"

మార్లీస్ చేతిలోని సంచీలో రొట్టెలు సర్దుకుంది. "గుర్తులేదు."

"నాకుంది. నా ఇంట్లో ఎడమవైపు గది. ఆయన గురకకు గోడ మీది ఏసుప్రభువు పక్కకు ఒరిగాడు."

"అయితే ఏమంటావిప్పుడు?"

"నేనేమంటానే? వస్తాను, ముందు వరసలో కూర్చుంటాను, కేకు తింటాను. నా నోరెందుకు లేస్తుంది?"

మార్లీస్ బయటికొచ్చేసింది. చిల్లర మరిచిపోయిందని దుకాణంలో పిల్ల వెనక నుంచి పిలిచినా వినిపించుకోలేదు.

గుర్తులేకేం. ఆ జూలైలో మోజెల్ రోడ్డు దాటి లోపలికొచ్చి పొయ్యి మీది దాకా నిలిచింది. సెప్టెంబరుకు కూడా గోడలు ఆరలేదు. పగలూ రాత్రీ ఆరబెట్టే యంత్రాల రొద, ఇల్లంతా బురద వాసన, పై గదుల్లో కరెంటు లేదు. ఈ ఏడాది రావద్దని ఆమె ఎమ్డెన్‌కు ఫోన్ చేసింది. వాళ్లు రబ్బరు బూట్లతో దిగారు. పడుకోవడానికి రోస్విత ఇంట్లో తప్ప ఎక్కడా గది దొరకలేదు. కానీ వాళ్లు పెరట్లో గ్యాస్ పొయ్యి మీద తను వేసిన గుడ్లే తిన్నారు, తను కాచిన టీయే తాగారు. బస అంటే ఏమిటి మరి? దుప్పటా, పొద్దుటి పలకరింపా? దారి పొడుగునా మార్లీస్ తన తరఫున తనే వాదించుకుంది. ఇంటికొచ్చేసరికి కేసు గెలిచింది, మనసు మాత్రం కుదుటపడలేదు.

మధ్యాహ్నం టీ పోస్తూ కదిపి చూసింది.

"ఓల్ట్‌మాన్స్ గారూ, ఎల్లుండి ఎవరైనా ఆ వరద ఏడాది సంగతి అడిగితే..."

"చెబుతాను" అన్నాడాయన.

"ఏమని?"

"గోడలు గీకానని."

హైకె నవ్వింది. "మా ఊళ్లో ఈయన చెప్పేది అదొక్కటేనండీ తీలెన్ గారూ! కోట సంగతి ఎవరికీ చెప్పడు, పడవ షికారు సంగతి చెప్పడు. ఎవరింటికెళ్లినా ఆ సున్నం ఎలా పెచ్చులు పెచ్చులుగా ఊడిందో చేతుల్తో చేసి చూపిస్తాడు. మా తమ్ముడైతే ఈయన్ని చూడగానే తలుపేసుకుంటాడు."

"మంచి సెలవులు అవి" అన్నాడు ఓల్ట్‌మాన్స్. టీ ఇక చాలని చెప్పే తమ ఊరి పద్ధతిలో చెంచాను కప్పులో పెట్టాడు.

శనివారం ఎండ కాసింది. సన్మానం కొండ మీద ఒక వైన్ తయారీదారు పెరట్లో. ఊళ్లో బసలు నడిపేవాళ్లంతా వచ్చారు. రోస్విత అన్న మాట ప్రకారం ముందు వరసలో, ఒళ్లో కేకు పళ్లెం పెట్టుకుని కూర్చుంది. మార్లీస్ నీలం కోటు వేసుకుంది. ఉపమేయరు షౌస్టెన్ ముందున్న బల్ల మీద పలక బోర్లించి ఉంది. దాని వెనక రెండు మేకు రంధ్రాలు కూడా సిద్ధంగా ఉన్నాయి.

షౌస్టెన్ నది గురించీ, స్నేహం గురించీ మాట్లాడాడు. దంపతులిద్దరికీ వెండి బిళ్లలు గుచ్చాడు. తర్వాత మార్లీస్ వైపు తిరిగి, ఇలాంటప్పుడు ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాడు.

"మార్లీస్ తీలెన్ గారూ, ఈ ఏళ్లన్నీ వీళ్లు మీ ఇంటి కప్పు కిందే నిద్రపోయారా?"

అవునంటే అయిపోతుంది. రోస్విత ఫోర్కు పళ్లెం మీద ఆగిపోయింది. ఓల్ట్‌మాన్స్ తలొంచి కోటు మీది బిళ్లను చూసుకుంటూ నిలబడ్డాడు. ఆయన చేతులు మార్లీస్ కంటబడ్డాయి. అవుననేస్తే ఆ సెప్టెంబరు కూడా మిగతా సెప్టెంబర్లలాంటిదే అయిపోతుంది. కోట, పడవ షికారు, మెత్తని పరుపు. సున్నం పెచ్చుల సంగతి అబద్ధమవుతుంది.

"ఒక్క ఏడాది తప్ప" అంది మార్లీస్. "ఆ ఏడాది నా ఇంట్లో మోజెల్ దిగింది. అడ్వాన్సు కూడా ఇవ్వలేదు. వీళ్లు రోస్విత ఇంట్లో పడుకుని, పగలంతా నా గోడలు గీకారు."

పెరట్లో నవ్వులు లేచాయి. షౌస్టెన్ మాత్రం నవ్వాలో వద్దో తేల్చుకోలేక కాగితాల్లోకి చూశాడు. "అయితే... ఇంటికి ఇరవై నాలుగే అయినట్టు."

రోస్విత లేచి నిలబడింది. "ఇచ్చెయ్యవయ్యా షౌస్టెన్! పడుకున్నది నా దగ్గరేలే. అదీ ఒక పడుకోవడమేనా? పొద్దున్నే పోయేవాళ్లు, చీకటి పడ్డాక వచ్చేవాళ్లు. నా దుప్పట్ల మీద బురద తప్ప నాకు మిగిలిందేమీ లేదు!"

"నియమం ఉంది కదా రోస్విత గారూ."

"నియమాన్ని నీ..."

"నువ్వు కూర్చో రాణీ" అంది మార్లీస్. "నీ సిఫార్సుతో వచ్చే చెక్క నాకక్కర్లేదు."

షౌస్టెన్ పలకను మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. ఎవరో వైన్ పొయ్యడం మొదలుపెట్టారు. ఇబ్బంది పడ్డవాళ్లు కూడా రెండో గ్లాసుకు తేరుకున్నారు.

కొండ దిగుతున్నప్పుడు రోస్విత పక్కన చేరింది. "ఎందుకు చెప్పావే? నేను నోరెత్తేదాన్ని కాదు తెలుసా?"

"తెలుసు. ఆ మొహం పెట్టుకుని కూర్చునేదానివి."

"ఏ మొహం?"

"అదిగో, అదే."

రోస్విత తన మొహం తడిమి చూసుకుంది. "ఇది నా మామూలు మొహమే" అంది.

వెనక దంపతులిద్దరూ మెల్లగా వస్తున్నారు. వాళ్లను ఎలా పలకరించాలో మార్లీస్‌కు తోచలేదు. అంత దూరం నుంచి కొత్త కోటు కుట్టించుకుని వచ్చినవాళ్ల సభను పాడుచేసింది తను. వాళ్లు దగ్గరకు వచ్చేదాకా ఆగింది.

"తీలెన్ గారూ," అన్నాడు ఓల్ట్‌మాన్స్, "మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడతారా?"

"లేదండీ. నా ఇంటి లెక్కలో ఒక్కటే తక్కువ."

"అంటే వచ్చే ఏడాది మళ్లీ ఇదంతా ఉంటుంది. ఉపన్యాసం, కేకు."

"ఉంటుందండీ. మీకు కష్టమనుకుంటే..."

ఆయన నాలుగడుగులు వేసి, ఆలోచించి చెప్పాడు. "ఉపన్యాసం పొడుగయింది. కేకు బాగుంది."

"వస్తామని అర్థం" అంది హైకె. "పదండి, టీ వేళ దాటిపోతోంది."