ఉల్లిగడ్డల కుప్ప కాడ ఎంచుకున్న కాలేజీ

నా చిన్నప్పుడు అంటే మరీ పలకా బలపం నాటి మాట కాదు, పదో తరగతి పాసైన ఏడు. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు నన్ను అప్పుడే పెద్దల లెక్కలో వేసేశారు కాబట్టి ఇలా మొదలుపెట్టే హక్కు నాకుందనుకుంటాను. తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. మా కోరుట్లలో బందు లేని వారం ఉండేది కాదు. ఊరంతా రాష్ట్రం గురించి మాట్లాడుతుంటే నేను మాత్రం కంప్యూటర్ల గురించే మాట్లాడేదాన్ని. వాటిని ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్కింగ్ పనే నా బతుకని ఎప్పుడో తేల్చుకున్నాను.

తేలనిది కాలేజీ ఒక్కటే. డిప్లొమాకు రెండు చోట్ల సీటు వచ్చేలా ఉంది. జగిత్యాల వైపున్న ప్రైవేటు కాలేజీకి అద్దాల మేడ, చల్లటి ల్యాబు, ఇంటి ముందుకొచ్చే బస్సు. సిరిసిల్ల వైపున్న సర్కారు కాలేజీలో పాత కంప్యూటర్లు, హాస్టల్ తిండి. నా మనసు ఎటుందో వేరే చెప్పాలా. మస్కట్‌లో పనిచేసే మా నాన్న, మా బాపు, ఫోన్లో "ఆ ప్రైవేటు కాలేజే కానియ్యి, ఫీజుల కోసం నేను ఇంకో మూడేండ్లు ఈడనే ఆగుతా" అన్నాడు. ఆ దసరాకు పూర్తిగా వచ్చేస్తానని అంతకుముందే మాటిచ్చిన మనిషి. అమ్మ ఆయన కోసం కొని ఉంచిన కొత్త లుంగీని తీసి మళ్లీ పెట్టె అడుగున పెట్టింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది, అయినా అద్దాల మేడ కళ్ల ముందు నుంచి పోలేదు.

బాపు వెళ్లేటప్పుడు మమ్మల్ని కనిపెట్టుకుని ఉండమని పక్కింటి చాచాకు చెప్పి వెళ్లాడు. చాచా పెళ్లిళ్లకు వంట చేసేవాడు. మసాలా దినుసులు వేసి ఆయన వండే బగారా అన్నం లేకపోతే మా వాడకట్టులో పెళ్లి జరిగినట్టే కాదు. అమ్మ నా సంగతి చెబితే అంతా విని, కాలేజీల సంగతి నేను చూపిస్తానన్నాడు. తీరా నన్ను రమ్మన్నది బందు రోజున. బస్సుల్లేవు, ఆటోల్లేవు, రెండు కాలేజీలకూ తాళాలు. ఇదేం ఎగతాళి అని మొహం ముడుచుకునే ఆయన వెంట నడిచాను.

చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తిని దారి ఆపడం అప్పటి నిరసన పద్ధతి. వంట బాధ్యత చాచాది. కాలేజీలు మూసేయడంతో ఇళ్లకొచ్చిన పిల్లలంతా అక్కడే చేరారు. చాచా నన్ను ఉల్లిగడ్డల కుప్ప దగ్గరికి తీసుకుపోయి, ఆ ప్రైవేటు కాలేజీలో చదివే ఒక అక్కకూ, సర్కారు కాలేజీలో చదివే ఒక అన్నకూ మధ్య కూర్చోబెట్టి చేతికి కత్తి ఇచ్చాడు.

"కాలేజి మంచిదేనా అని అడగకు బిడ్డ, ఎవలైనా మంచిదనే అంటరు. ఈ నడుమ ఏం చెడగొట్టిండ్రో అడుగు" అన్నాడు మెల్లగా. తన దగ్గరికి పని కోసం వచ్చేవాళ్లను ఆయన అడిగేది కూడా అదేనట. ఏనాడూ అన్నం మాడగొట్టలేదన్నవాడు గంటె పట్టనే లేదని ఆయన లెక్క.

అడిగాను. అక్క ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. బందు నాడు తప్ప తమకు ఒక్క క్లాసూ పోదంది, ఇంగ్లీషు బాగా వస్తుందంది. కానీ వైర్లూ పెట్టెలూ సారే కలిపి చూపిస్తాడట, ఖరీదైనవని పిల్లలను ముట్టుకోనివ్వరట. చెడగొట్టడానికి చేతికిస్తే కదా అని నవ్వింది.

అన్నను అడగడమే ఆలస్యం, కత్తి పక్కన పెట్టేశాడు. ఒకే వైరు రెండు కొసలనూ, కంప్యూటర్లను కలిపే ఒకే స్విచ్చు పెట్టెలో గుచ్చాడట. పోయిన సందేశమే మళ్లీ మళ్లీ తిరిగొస్తూ, చివరికి ల్యాబులో కంప్యూటర్లన్నీ నిలిచిపోయాయట. సార్ తిట్టకుండా, చేసింది నువ్వే కాబట్టి వెతికేదీ నువ్వేనని చెప్పి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. సాయంత్రానికి ఆ వైరు దొరికిన ముచ్చట చెబుతుంటే అన్న మొహం పెళ్లికొడుకు మొహంలా ఉంది. మిగతాదీ దాచలేదు. ఉద్యమంతో క్లాసులు వారాల తరబడి ఆగుతున్నాయనీ, సొంతంగా చదువుకోకపోతే కష్టమేననీ చెప్పాడు.

ఉల్లిగడ్డల ఘాటుకు కళ్లు మండుతున్నాయి గానీ లోపల అంతా తేటపడింది. నా చేతులతో చెడగొట్టాలి, నా చేతులతోనే వెతకాలి. క్లాసులు ఆగితే ఆగనీ, చదువుకోవడం నాకు వచ్చు. ఆ రోజు రోడ్డు మీద కూర్చుని బగారా అన్నం రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాను.

మర్నాడు ఫోన్లో బాపుకు సర్కారు కాలేజీకే పోతున్నానని చెప్పాను. నా కోసం మనసు చంపుకుంటున్నవా అని అడిగాడు.

"లేదు బాపు. ఆడ చెడగొట్టనిస్తరు, గందుకే పోతున్న. నువ్వు దసరాకు ఇంటికచ్చెయ్" అన్నాను. అమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకోకుండానే లేచి వెళ్లి, లుంగీ దాచిన పెట్టె తెరిచింది.

బాపు దసరాకు వచ్చాడు, మళ్లీ పోలేదు. కాలేజీలో చేరాక నేను మొదటిసారి ల్యాబంతా ఆపేసిన సంగతి చెబితే చాచా మా వాకిట్లో నిలబడి, "ఇగ పిల్ల పనిల వడ్డది" అని బాపుతో మురిసిపోతూ అన్నాడు. ఇప్పుడు ఒక విశ్వవిద్యాలయం నెట్‌వర్కంతా నా చేతి కింద నడుస్తోంది. పని కోసం వచ్చే పిల్లలను ఏ కాలేజీ అని అడగను, ఈమధ్య ఏం చెడగొట్టావని అడుగుతాను. కళ్లు మెరుస్తూ ముచ్చట మొదలుపెట్టినవాళ్లను తీసుకుంటాను. వాళ్లు మా దగ్గర మొదటిసారి ఏదో ఒకటి ఆపేసిన రోజు, తిట్టకుండా, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను.