విరుదునగరం వచ్చేదాకా

ఆ మధ్యాహ్నం కోవిల్పట్టిలో రైలెక్కినప్పటి నుంచి నా వేలు పాప ముక్కు కిందే ఉంది. ఊపిరి తగిలితే చేయి తీస్తాను, అంతలోనే మళ్లీ పెడతాను. పాపకు ఏ జబ్బూ లేదు. కాలేజీలో చదువుకున్నదాన్ని, అది అర్థంలేని భయమని నాకూ తెలుసు. తెలిసినా, పురుడు పోసుకున్నప్పటి నుంచి నాకు సరైన నిద్ర లేదు.

ఎదురుగా కూర్చున్న ముసలమ్మ చాలాసేపు చూసి, మా వైపు తెలుగులోనే అడిగింది.

"బిడ్డకి జొరమా తాయీ?"

"లేదవ్వా. ఊపిరి ఉండాదా అని చూస్తా ఉండా."

నవ్వుతుందనుకున్నాను. ఈ మాటకు మా అత్తగారు నవ్వుతారు, మా ఆయనా నవ్వుతారు. ఆమె నవ్వలేదు.

"మా ఊర్లో ఆడోళ్లు పత్తి ఏరను పోతే, యాపమానుకి కట్టిన ఉయ్యాలలన్నీ నేనే చూస్తా. వాళ్లు ఏరాల, వాళ్ల బదులు నేను బయపడాల. అదే నా పని. ఇట్ల ఇయ్యి బిడ్డని. విరుదునగరం దాకా నీ బయం నేను పడతా, నువ్వు పండుకో."

పాపను ఒళ్లో వేసుకుని తన వేలు ముక్కు కింద ఉంచింది. నేను కిటికీకి తల ఆనించాను. సాత్తూరు ఎప్పుడు దాటిందో తెలియదు. కుదుపుకు కళ్లు తెరిచేసరికి విరుదునగరం ప్లాట్‌ఫారం కనిపించింది. ఆమె వేలు ఇంకా అక్కడే ఉంది.

"ఇంద, నీ బిడ్డ. నీ బయమూ నువ్వే పట్టుకో," అంటూ పాపను అందించి దిగిపోయింది. ఆమె ఊరేదో నేను అడగనైనా లేదు.

పాపకు ఇప్పుడు పళ్లు వస్తున్నాయి. ఏమీ కాదు, పడుకో అని ఇంట్లో అందరూ చెబుతారు. నేను చూస్తుంటాను, నువ్వు పడుకో అని మళ్లీ ఎవరూ అనలేదు.