ఖాళీ కాదు, ముట్టుకోవద్దు

"వదినా, అయిపోయింది" అని మా మరిది ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు, కరెంటు బిల్లు కట్టడం అయిపోయిందన్నంత మామూలుగా. పోయింది అతని భార్య, నా తోటికోడలు. గుండెపోటు. ఉద్యోగం మానేసి ఆర్నెల్లు కూడా కాలేదు.

మీలో చాలామంది ఆమెను ఎరగరు. ఎరిగినవాళ్ళకు తెలిసింది రెండే ముక్కలు: భీమవరం వైపు ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో కంప్యూటర్ల పని చేసేదని, ఒకరోజు అక్కడి రికార్డులన్నీ చెరిపేసిందని. రెండోది అబద్ధం. ఇది రాయడం అందుకే.

ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పినదాన్నే అయినా ఆమె ఉద్యోగం నాకు ఓ పట్టాన అర్థం కాలేదు. ఒకరోజు వంటింట్లో కూర్చోబెట్టి చెప్పింది.

"రెండు కంప్యూటర్లు, ఒకటే డిస్కు అక్కా. ఒకటి ఆగిపోతే రెండోది పని నడిపిస్తుంది. మనిద్దరం, ఒకటే పప్పుగిన్నె అనుకోండి. నేను ఉప్పేసిన సంగతి మీకు తెలియకపోతే?"

"తెలిసినా వేస్తాను. నీ చేతి ఉప్పు మీద నాకు నమ్మకం లేదు."

"అందుకేనండి, వేసినవాళ్ళు మూత మీద గరిటె బోర్లించాలి. ఆ ఏర్పాటు చేయడమే నా ఉద్యోగం."

ఆ రోజు నుంచీ మా ఇంట్లో నిజంగానే గరిటె బోర్లించేది.

ఇంకో చిక్కు కూడా చెప్పింది. ఆ ఉమ్మడి డిస్కును డేటాబేసు తన పద్ధతిలో తాను వాడుకుంటుందట. మామూలుగా చూసేవాళ్ళకు అందులో ఏమీ కనపడదు. "కొత్త డిస్కు, సిద్ధం చేయనా?" అని కంప్యూటరే అడుగుతుంది. అవునన్నామో, ఉన్నదంతా పోతుంది. అందుకని సర్వర్ల గది గోడకు తన గుండ్రటి అక్షరాలతో కాగితం అంటించింది: ఖాళీ కాదు. ముట్టుకోవద్దు.

ఆ అలవాటు ఇంటికీ తెచ్చింది. ఇంగువ డబ్బా మీదా అదే చీటీ, సూదుల పెట్టె మీదా అదే.

"నా మీద కూడా అంటిస్తావేంటే?"

"మీకక్కర్లేదండి. ఖాళీ కాదని మీ నోరు విన్నవాళ్ళకి తెలుస్తుందిగా."

విదేశీ కొనుగోలుదారులు వస్తున్నారని మేనేజరుగారు ఆ గోడ శుభ్రం చేయించారు. కాగితం పీకేశారు. ఆ వారంలోనే కొత్త ఇంజనీరు, మేనేజరుగారి బావమరిది, డిస్కు ఖాళీ అనుకుని 'అవును' నొక్కాడు. ఏ రొయ్య ఏ చెరువుదో చెప్పే వివరాలన్నీ పోయాయి. అవి లేనిదే సరుకు ఓడ ఎక్కదు. ఆమె బ్యాకప్ నుంచి పాతవన్నీ తెచ్చింది. అందులో లేని రెండు రోజుల వివరాల కోసం రైతులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "ఏమండీ, సోమవారం ఏ చెరువు పట్టారండి?" అని అడిగి మళ్ళీ ఎక్కించింది. అంతా అయ్యాక, హెచ్చరిక పెట్టకపోవడం తన తప్పేనని ఆమె చేతనే సంతకం చేయించుకున్నారు.

నాకు తెలిసింది సంతకం సంగతే. ఆ ఆదివారం భోజనాల దగ్గర, "మా తోటికోడలు చెయ్యి తగిలితే చెరువులే మాయం" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె మజ్జిగ వడ్డించింది. గిన్నెలు సర్దేటప్పుడు జరిగింది చెప్పింది.

"మరి అక్కడ నోరెందుకు తెరవలేదే?"

"డేటా తిరిగొచ్చింది కదక్కా."

నవ్వినవాళ్ళను మళ్ళీ పిలిచి నేను నిజం చెప్పలేదు. నా నోరు అలాంటి పనులకు లేవదు.

పెద్దకర్మకు మేనేజరుగారు వచ్చారు. విస్తరి ముందు కూర్చుని, "మంచి మనిషండి. ఆ ఒక్క పొరపాటే లేకపోతే..." అన్నారు.

"గోడ మీది కాగితం ఎవరు పీకారో చెప్పండి, నెయ్యి వేస్తాను" అన్నాను.

"కాగితమా? అలాంటిదేం లేదండి."

తర్వాత ఇంకో రెండు గారెలు వేయించుకున్నారు.

మర్నాడు మా మరిది, "ఆ గది ఖాళీయేగా వదినా, బియ్యం బస్తాలు వేయిద్దాం" అన్నాడు. ఆమె వాడుకున్న గది అది. సర్దడానికి వెళ్ళాను. బీరువా పై అరలో స్టీలు డబ్బా, మూత మీద ఆమె చీటీ: ఖాళీ కాదు. తెరిచాను. లోపల మడిచిన కాగితం. ఆ గోడదే. నాలుగు మూలలా టేపు, టేపుతో ఊడి వచ్చిన నీలం రంగు పెచ్చులు. ఏ చెత్తబుట్టలోంచి ఏరుకుందో. ఒక్కరికి చూపించినా సరిపోయేది. నాకూ చూపించలేదు. ఆ ఆదివారం అందరూ నవ్విన బల్ల దగ్గర మొదటి నవ్వు నాదేగా.

పాత టేపు పట్టలేదు. అన్నం మెతుకులు మెదిపి ఆ గది తలుపుకు అంటించాను. బస్తాలు ఇంకా వసారాలోనే ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా కాగితం ఒక మూల లేస్తుంది, వెనక కాస్త నీలం కనపడుతుంది, మళ్ళీ తలుపుకు ఆనుకుంటుంది.