బొడ్రాయి కింది మట్టి

మొన్న మా ఊరి నడుమనున్న బొడ్రాయికి నీళ్లు పోస్తుంటే తడిసిన పసుపు వాసన గుప్పుమంది. అమ్మమ్మ మూట గుర్తొచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. బావులు ఎండిపోయి, ఏటూరునాగారం వైపు గుట్ట వెనకున్న పాత ఊరిని వదిలి అందరూ రోడ్డు పక్కకు వచ్చేశారు. కొత్త ఊరికి బొడ్రాయి నిలబెట్టే ముందురోజు అమ్మమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆ పాడుబడ్డ ఊరికి బయలుదేరింది.

"ఊరి బలమంతా పాత రాయి కిందనే ఉన్నది బిడ్డా" అంది. బంగారమే అనుకున్నాను. అక్కడికి చేరాక రాయికి పసుపు రాసి, నన్ను అటు తిరగమని, ఏదో తవ్వి మూటగట్టింది. వచ్చేటప్పుడు గుట్ట అవతలి పక్కనుంచి చుట్టు తిప్పి నడిపించింది.

"పోయిన తొవ్వల మళ్ల రావద్దు."

దొంగలు కూడా అంతే కదా! నా అనుమానం గట్టిపడింది.

దారిలో వాగు దగ్గర ఆమె ముఖం కడుక్కుంటుంటే మూట విప్పాను. ఉత్త ఎర్రమట్టి. కంగారులో అదంతా నీళ్లలోకి జారిపోయింది. ఒడ్డున ఉన్న నల్లమట్టి నింపి ముడేశాను.

ఇంటి ముందు అందరూ ఎదురుచూస్తున్నారు. అమ్మమ్మ మూట కొంచెం విప్పి లోపలికి చూసింది. తర్వాత నా గోళ్లను చూసింది. గబుక్కున మళ్లీ ముడేసింది.

"మనూరి మట్టే" అంది వాళ్లతో.

మర్నాడు ఆ మట్టిని గుంతలో పోసి, దాని మీదే కొత్త బొడ్రాయి నిలబెట్టారు. ఇప్పటికీ ఊరంతా ఆ బొడ్రాయికి మొక్కుతుంది. నేనూ మొక్కుతాను. చెంబు అందుకునే ముందు మాత్రం ఒకసారి గోళ్లు చూసుకుంటాను.