సిగ్రూన్ కొలకర్ర

కెనడాలో, మానిటోబాలోని ఆ జాలరి ఊళ్లో ముప్ఫై ఒక్క ఏళ్లుగా పొద్దున ఏడింటికి సరస్సు రేవులో కనబడే మనిషి సిగ్రూన్. మోకాళ్లదాకా రబ్బరు బూట్లు, చెవి మీద దోపుకున్న పెన్సిలు. నీళ్లలో పాతిన కొలకర్రకి పట్టిన నాచుని పాత పళ్లబ్రష్షుతో తోమి, కళ్లు చికిలించి నీటిమట్టం చూసి, అంకెని పైకి ఒకసారి చదివాకగానీ పుస్తకంలో రాయదు. ఆ అంకెకి ఊళ్లో తిరుగు లేదు. ఆరేళ్లుగా సరస్సు తగ్గుతూనే ఉంది. తేలడానికి జానెడు లోతు చాలక పడవలన్నీ ఒడ్డుకెక్కి కూర్చున్నాయి.

మంచు కరిగిన వారం మేనల్లుడు హెల్గీ ఫోను పట్టుకుని రేవుకొచ్చాడు. "అత్తా, ఉపగ్రహం రాడారుతో కొలిచిందట. నీళ్లు జానెడు పెరిగాయంటున్నారు."

"అంత ఎత్తునుంచి దానికేం తెలుస్తుందిరా? నా కర్ర అలా చెప్పట్లేదే."

అందిగానీ, తోముతున్న చెయ్యి ఆగిపోయింది. కర్ర పాతినప్పుడు గుర్తుగా రేవు గోడమీద పెట్టిన గాటుకి సరిగ్గా ఎదురుగా ఉండాల్సిన కర్రమీది పదో గీత, దానికి జానెడు పైనుంది. చలికాలం గడ్డకట్టిన మంచు కర్రనే పైకి లాగేసింది. కర్ర కూడా లేచింది కాబట్టి నీళ్లు పెరగనట్టే కనబడ్డాయి. సిగ్రూన్ పుస్తకాన్ని అక్కడే వదిలేసి, బూట్లు టపటపలాడుతుంటే ఊళ్లోకి పరిగెత్తింది. జాలరులు కూర్చున్న కాఫీ కొట్టు తలుపు తోసి, బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట నవ్వుతూ అంది: "నేను చెప్పింది తప్పయ్యా. లేవండి, పడవలు దించుకోండి."