అవ్వ వంతు ప్రార్థన

నిన్న మనవరాలి దగ్గుకని కోడలు ఎండు ద్రాక్ష ఉడకబెడుతుంటే, ఆ తియ్యని, కొంచెం వగరు వాసనకు నేను పెద్దపల్లి దగ్గరి మా పల్లెలో, మా అవ్వ పొయ్యి ముందుకు వెళ్ళిపోయాను. మేం అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్ళం. బాపు ఆ ఊరి క్రైస్తవ సంఘంలో ప్రార్థనలు నడిపే ఉపదేశి. గుడిలో ప్రభు భోజనానికి ఎండు ద్రాక్షతో రసం అవ్వే కాచి, పలుచని గుడ్డలో వడగట్టేది. క్రిస్మస్‌కు సకినాలు చుట్టేటప్పుడు సంఘంలోని ఆడవాళ్ళంతా మా వాకిట్లోనే కూర్చుని, పిండి చేతులతోనే పాటలందుకునేవాళ్ళు. అవ్వ గొంతు అందరికంటే ముందుండేది.

నా చిన్న తమ్ముడు ఒక వానాకాలం జ్వరమొచ్చి పోయాక ఆ గొంతు ఆగింది. గుడిలో పెదవులు కదిలేవి, అంతే. బాపుకు తెలుసు. "సంఘంల చెప్పకు. ఉపదేశి పెండ్లామే ప్రార్థన చేస్తలేదంటే మన మాట ఎవరింటరు?" అని బతిమాలుకున్నాడు.

మా గుడిలో సాక్ష్యాలకు ఒక పద్ధతి ఉండేది. తాగుడు మానినవాడో, రోగం తగ్గినామెనో లేచి సంగతి చెప్పి "స్తోత్రం" అంటే, అందరూ "స్తోత్రం" అని అందుకునేవాళ్ళు. ఇంకా తీరని కష్టాన్ని అక్కడ ఎవరూ చెప్పగా నేను వినలేదు. వరికోతలు అయిపోయిన ఒక ఆదివారం, గూనపెంకుల సందుల్లోంచి ఎండ ఈతచాపల మీద పడుతుండగా, అవ్వ లేచింది.

"పిలగాడు పోయినప్పటిసంది నాకు ప్రార్థన వస్తలేదు. ఉట్టిగనే నోరు ఆడిస్తున్న. మీ అందర్ని మోసం చేసుడు ఇగ నాతోని అయితలేదు."

చివర స్తోత్రం అనకుండా అలాగే నిలబడింది. అలవాటుకొద్దీ మగవాళ్ళ వైపు నుంచి ఎవరో "స్తోత్రం!" అన్నారు.

"దేనికిరా స్తోత్రం? ఆమెకు వస్తలేదంటుంటే చెవులు పోయినయా?" అని కసిరింది రాహేలవ్వ. సంఘంలో అందరికంటే పెద్దది, తనూ బిడ్డల్ని పోగొట్టుకున్నామె. అవ్వ చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. "రాకుంటే రాకపాయె బిడ్డా. నీ వంతు మేం చేస్తం. నువ్వు జర కూసో."

బల్ల దగ్గర తలవంచుకుని నిలబడ్డ బాపు తలెత్తి, "నాకు సుత కష్టంగనే ఉన్నది" అన్నాడు. గుడిలో ఆయన ఏడవడం అప్పుడే చూశాను. ఎవరూ నవ్వలేదు.

అప్పటినుంచి ఇళ్ళలో జరిగే ప్రార్థన కూటాల్లో, చాప చుట్టూ ఒకరి తర్వాత ఒకరు చేసుకుంటూ వచ్చి వరుస అవ్వ దగ్గరికి చేరగానే, పక్కనున్నామె "ఇది అక్కది" అని ముందు ఆమె వంతు చేసి, తర్వాత తన వంతు చేసేది. ఎవరూ అవ్వను తొందరపెట్టలేదు, ఇంకా రాలేదా అని అడగలేదు. ఎండాకాలమంతా అలాగే గడిచింది. మళ్ళీ వానలు పడ్డాక, ఒక సాయంత్రం రాహేలవ్వ "ప్రభువా, ఇది నా బిడ్డది" అని మొదలుపెట్టేసరికి ఇంకో గొంతు వచ్చి కలిసింది. రాహేలవ్వ టక్కున ఆగిపోయింది. అవ్వ నా తమ్ముడి పేరు చెప్పి, అక్కడే చాలాసేపు నిలిచి, మళ్ళీ సాగింది. బైబిలులో విన్న అద్భుతాలేవీ నాకంత దగ్గరగా జరగలేదు.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఆ గుడి ఉన్నచోట పెద్ద మందిరం లేచింది. కుర్చీలన్నీ మైకు వైపే చూస్తుంటాయి. ప్రార్థన పాస్టరుగారు ఒక్కరే చేస్తారు, బాగానే చేస్తారు. ఈ ఏడు మా ఆయన పోయాక నాకూ ప్రార్థన రావడం లేదు. ఆ సంగతి చెప్పాలంటే ఏ పక్కకు తిరగాలో తెలియక, ముందుకే చూస్తూ కూర్చుంటున్నాను.